కళాయి పోయింది

పిల్లలు అన్నం తిని లేచిన కాసేపటికే మొదలయింది. ముందు పదో తరగతి చిన్నమ్మి బోరింగు దగ్గర కూలబడి కక్కుకుంది. దాని వీపు నిమరడానికి వెళ్లిన పిల్ల కూడా అక్కడే వంగిపోయింది. ఆ తర్వాత ఎవరు ఎవర్ని పట్టుకుంటున్నారో తెలియలేదు. సుక్మా నుంచి కొంటా పోయే రోడ్డు పక్కనున్న ఆ ఆడపిల్లల ఆశ్రమశాల వాకిలంతా పులుసు కంపు కొట్టింది.

ఆరోగ్యకేంద్రం నర్సు పరుగున వచ్చి అందరి చేతా ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగించింది. మిగిలిన పులుసు కాస్త స్టీలు క్యారేజీలోకి తీయించి, పారబొయ్యొద్దని చెప్పి పోయింది. సాయంత్రానికి పిల్లలు లేచి కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే చాయ్ ఏదని గొడవ కూడా చేశారు. గండం గడిచింది, దేవుడి దయ.

కానీ ఇలాంటివాటిలో గండం గడవగానే ఊరుకోరు కదా. తప్పెవరిదో తేలాలి. వండిన చెయ్యి ఎదురుగా ఉండగా వెతకడం దేనికి? పులుసులో బల్లి పడిందన్నారు. ఒక్కరూ చూడని ఆ బల్లికి పదిమంది కలిసి రంగు చెప్పారు, పొడవు చెప్పారు, తోక ఏ పళ్లెంలో వచ్చిందో కూడా చెప్పారు. హాస్టలు అధీక్షిక, అంటే వార్డెను, మీనా మేడం వంటింటి గుమ్మంలో నిలబడి, సోమవారం బ్లాకు ఆఫీసు నుంచి రాంప్రసాద్ సాబు విచారణకు వస్తాడనీ, అప్పటిదాకా వంటమనిషి సారలమ్మ గడప తొక్కవద్దనీ హిందీలో చెప్పింది. ఆ తర్వాత కూడా తొక్కక్కర్లేదనే ఆమె ఉద్దేశం. ఆ మాట పైకి అనలేదు గానీ, ముఖం మీద రాసే ఉంది.

ఆ హిందీని తెలుగు చేసి చెప్పాల్సిన పని ప్రశాంతిది. ఆ బడిలో సైన్సు చెప్పే అతిథి టీచరు ఆమె. పుట్టింది కిరందుల్ గనుల టౌన్‌షిప్పులో. ఇంట్లో విజయనగరం తెలుగు, బళ్లో హిందీ, సంతలో హల్బీ, ఇక్కడికొచ్చాక పిల్లల దగ్గర ఏరుకున్న దోర్లీ. నాలుగు భాషలున్న నాలుకకు కొంచెం పొగరు ఉండనే ఉంటుంది. మీనా మేడానికి తెలుగు రాదు, సారలమ్మకు హిందీ వింటే చాలావరకు తెలుస్తుంది గానీ నోరు తిరగదు. ఉప్పు నిండుకున్నా, కట్టెలు తడిసినా ఆ కబురు ప్రశాంతి నోటి మీదుగానే వెళ్లేది. నేను లేకపోతే ఈ హాస్టల్లో పొయ్యి వెలగదని ఆమె అప్పుడప్పుడు అనుకునేది కూడా.

ఆవేళ మాత్రం కబురు చేదుది. ఎలాగో చెప్పింది. సారలమ్మ ఏడవలేదు. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పొయ్యి వైపు చూసింది.

"పని పోతే పోనియ్ మేడమ్, మిరప చేన్లకు పోత. విషం బెట్టిన చెయ్యి అంటరు గద ఇగ. నా చేతి నీళ్లు ఎవలు తాగుతరు?"

ఆ మాట ప్రశాంతి గుండెకు తగిలింది. నాలుగు రోజులాగు అక్కా, ఇది బల్లి కాదు, ఏమిటో నేను తేలుస్తాను అంది. అనేశాక గానీ తేల్చడం ఎలాగన్న ఆలోచన రాలేదు. ఆమె తీరే అంత. ముందు మాట ఇస్తుంది, తర్వాత దారి వెతుక్కుంటుంది.

దారి చిన్నమ్మి నోట్లోంచే వచ్చింది. పులుసు ఎలా ఉందే అని అడిగితే, రూపాయి బిళ్ల చప్పరించినట్టు ఉంది మేడమ్ అంది ఆ పిల్ల. ప్రశాంతి నేరుగా వంటింటి వెనక్కి వెళ్లింది. రోజూ వాడే అల్యూమినియం బొగాన అడుగు కారుతోందని బోర్లించి ఉంది. దాని పక్కనే ఎవరో షావుకారు ఎప్పుడో ఇచ్చిన పాత ఇత్తడి గుండిగ. ఆ రోజు పులుసు కాగింది అందులోనే. తల లోపలికి పెట్టి చూస్తే అడుగున పసుప్పచ్చగా మెరుస్తోంది, అంచు కింద పచ్చటి చిలుము గీత కట్టింది. పైన మూలల్లో మాత్రం తెల్లటి పొర పెచ్చులు పెచ్చులుగా మిగిలింది. గోటితో గీరితే పౌడరులా రాలింది. తగరం. ఒకప్పుడు లోపలంతా తగరం పూత ఉండేదన్నమాట.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆ రోజు తనిఖీకి రాంప్రసాద్ సాబే రావాల్సి ఉంది. ఆయన వచ్చి చూశాకే వడ్డించాలని మీనా మేడం పిల్లల్ని పస్తు కూర్చోబెట్టింది. పొద్దున దించిన పులుసు మధ్యాహ్నం వాలేదాకా గుండిగలోనే నానింది. సాబు వచ్చాడు, చూశాడు, తాను కొంటాలో తినేశానని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన అదృష్టం బాగుంది.

శుక్రవారం పదో తరగతిలో పాఠం ఎలాగూ లోహాలదే. ప్రశాంతి పుస్తకం మూసేసింది. కొంటా బస్సు చూశారు కదా, లోహాల కథంతా ఆ బస్సే అంది. సీటు అంటే ఆక్సిజన్. కొందరు మొదటి స్టేజీలోనే ఎక్కి సీటు పట్టుకుంటారు, చంపినా లేవరు. అల్యూమినియం ఆ జాతి. దాన్ని లేపాలంటే కరెంటు పెట్టి గుంజాల్సిందే. ఇనుము మధ్యరకం. మా నాన్న కిరందుల్లో రైలుకెత్తించే ఎర్రరాయిలో ఇనుము సీటు దొరకబుచ్చుకుని కూర్చుని ఉంటుంది. కొలిమిలో బొగ్గు వచ్చి, ఆక్సిజన్ నాది లేవమని గదమాయిస్తే గానీ బయటికి రాదు. రాగి మెత్తన. కాస్త గట్టివాడు వస్తే లేచి నిలబడుతుంది. బంగారం అసలు సీటే అడగదు, ఊరికే నిలబడి వస్తుంది, అందుకే ఇసకలో అలాగే దొరుకుతుంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. మా నాయన కూడా బస్సులో బంగారమే మేడమ్, ఎప్పుడూ సీటు దొరకదు అంది వెనక బెంచీ నుంచి ఒకతి.

"ఇప్పుడు రాగి కూర్చున్న నీళ్లలోకి ఇనుము ఎక్కిందనుకోండి. ఏమవుతుంది?"

రాగి లేచి బయటపడుతుంది అన్నారు అందరూ. బయటపడితే ఎక్కడుంటుంది? ఇనుము ఒంటిమీదే అంటుకుంటుంది అంది చిన్నమ్మి. అంతే. రెండు కొత్త మేకులు గరుకు కాగితంతో వెండిలా రుద్దించి, ఒకటి క్యారేజీలోని పులుసులో, రెండోది మంచినీళ్లలో అప్పుడే పిసికిన చింతపండు రసంలో వేయించింది. రెండు గ్లాసులూ బీరువాలో పెట్టి తాళం పిల్లల చేతికే ఇచ్చింది. మేడం ఏదో చేసిందని రేపు ఎవరూ అనకూడదు.

శనివారం తాళం తీశారు. చింతపండు రసంలోని మేకు నల్లబడింది. పులుసులోని మేకు కడిగి చూస్తే సగందాకా ఎర్రగా, కొత్త రాగి తీగలా ఉంది. క్లాసంతా బెంచీలు దిగి మేకు చుట్టూ మూగింది. ప్రశాంతికి ఈల వేయాలనిపించింది. ఇత్తడిలో సగానికి పైగా రాగే, బల్లి ఒంట్లో రాగి ఉండదు కదా.

చిన్నమ్మి చెయ్యెత్తింది. రాగి ఆమ్లంలో కరగదని పుస్తకంలో ఉంది మేడమ్, మరి చింతపులుపులో ఎట్లా కరిగింది అంది. ప్రశాంతి ఆ పిల్ల నెత్తిన ముద్దు పెట్టినంత పని చేసింది. పుస్తకం అబద్ధం చెప్పలేదే, ఒంటరిగా ఉంటే కరగదు. కానీ మూత తీసి ఉంచితే గాలి చేరుతుంది. గాలి రాగిని కొంచెం కొరుకుతుంది, కొరికిన దాన్ని పులుపు లాగేస్తుంది. అలా గంటలు గంటలు సాగితే చాలు. వేడివేడిగా దించి పళ్లాల్లో పోసుంటే ఇంత జరిగేది కాదు. తగరం పొర బాగుంటే అసలు ఏ గొడవా లేదు, అది పులుపుకు అంత సులువుగా లొంగే రకం కాదు.

ఆదివారం ఆ ఎర్ర మేకును రుమాల్లో చుట్టుకుని సారలమ్మ ఇంటికి బయల్దేరింది. సారలమ్మ వాకిట్లో కూర్చుని ఎండిన ఇప్పపువ్వులో నలకలు ఏరుతోంది. ఇరుగుపొరుగు ఎవరూ ఆ వాకిట్లో లేరు. మామూలుగా ఆదివారం ఆ అరుగు మీద కూర్చోవడానికి చోటుండదు. ప్రశాంతి నిలబడే మేకు చూపించింది. నీ చేతిది కాదక్కా తప్పు, గుండిగది, లోపల తగరం పూత మొత్తం పోయింది, రాగి పులుసులోకి దిగింది అని గడగడా చెప్పేసింది.

సారలమ్మ మేకు వైపు చూడలేదు. ప్రశాంతి ముఖంలోకే వింతగా చూసింది.

"గదే గద మేడమ్ నేను జెప్పింది. గుండిగకు కళాయి పోయింది, కళాయి పెట్టియ్యాలె అని. వానలు పడంగనే జెప్పిన."

ప్రశాంతికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఖాళీగా ఉన్న అరుగు మీద కూర్చుంది.

నిజమే, చెప్పింది. కళాయి పోయింది మేడమ్, మీనా మేడంకు జెప్పి కళాయి పెట్టియ్యుండ్రి అంది. ప్రశాంతి విన్నది కూడా కళాయి అనే. కానీ ఆమె ఇంట్లో కళాయి అంటే అమ్మ వంకాయలు వేయించేది. విజయనగరం వాళ్లు మూకుడును అలాగే అంటారు. గిన్నె లోపల పోసే తగరపు పూతకు ఆ పేరుందని స్టీలు గిన్నెల మధ్య పెరిగిన పిల్లకు ఎవరు చెప్పారు? వెంటనే మీనా మేడం దగ్గరికి వెళ్లి, కడాహీ పాడైపోయింది, కొత్తది కావాలి అంది మంచి హిందీలో. మీనా మేడం కూడా ఏ కళనుందో ఆ వారమే కొత్త ఇనప మూకుడు తెప్పించింది. చూశావా అక్కా, అడిగిన వారానికే వచ్చింది అని ప్రశాంతి గర్వంగా చెప్పుకుంది కూడా.

అసలు విడ్డూరం ఇంకోటుంది. హిందీలో తగరపు పూతను కలఈ అనే అంటారు. ఎవరి బండారమైనా బయటపడితే కలఈ ఖుల్ గయీ అని ప్రశాంతే ఎన్నోసార్లు అంది, అదేమిటో తెలియకుండానే. సారలమ్మ అన్న మాటను ఉన్నదున్నట్టు చిలకలా అప్పజెప్పినా సరిపోయేది. మీనా మేడానికి ఠక్కున తెలిసేది. తెలివి ఎక్కువై తర్జుమా చేసింది, కొంప ముంచింది.

"మూకుడు నేనెప్పుడడిగిన అనుకున్న," అంది సారలమ్మ. "కళాయికి ఒప్పుకోక ఆ మేడం మూకుడుతోటి సరివెట్టిందేమో అని ఊకున్న. అటెంకల గుండిగల పప్పు వండిన, కూర వండిన, పులుపు మాత్రం వండలేదు. ఆ దినం పెద్దసారు వస్తుండు, పులుసే గావాలె అన్నరు. బొగాన కారవట్టె. జల్ది దించి పోస్తే ఏం గాదనుకున్న. పొయ్యనియ్యలేదు. వండకుంటనే ఉండాల్సింది, అది నా తప్పే."

ఆ తప్పు నీది కాదు అందామనుకుంది ప్రశాంతి, అంతలోనే ఒకటి తోచింది. సారలమ్మ కోపమంతా మీనా మేడం మీద ఉంది. అది అక్కడే ఉండిపోవచ్చు. ఎవరికీ తెలియదు. ఎర్ర మేకు చూపిస్తే సారలమ్మ బల్లి గండం నుంచి బయటపడుతుంది, అది చాలదా? ప్రశాంతి రేపు పొద్దున్నే రా అక్కా అని చెప్పి, మేకు రుమాల్లో చుట్టుకుని లేచింది.

సాయంత్రం అమ్మ కిరందుల్ నుంచి ఫోను చేస్తే సగం చెప్పింది, సగం దాచింది. ఆ సగానికే అమ్మ అంది, కందకు లేని దురద కత్తిపీటకెందుకే, నెలాఖరుకు నీ నియామకం మళ్లీ రాయాల్సింది ఆ మీనా మేడమే కదా అని. ప్రశాంతి ఫోను పెట్టేసి, కత్తిపీటకే దురదుంటే ఏం చెయ్యాలి అనుకుంది.

సోమవారం రాంప్రసాద్ సాబు వేళకే వచ్చాడు. స్టాఫ్ రూములో ఆయన, పక్కన మీనా మేడం, గుమ్మం దగ్గర సారలమ్మ. కుర్చీ ఉన్నా ఆమె కూర్చోలేదు. ప్రశాంతి రెండు మేకులూ తెల్లకాగితం మీద పెట్టి, బల్లి సంగతి ఎత్తకుండా రాగి సంగతి చెప్పింది. సాబు బీఎస్సీ చదివినవాడు. రాగి ఆమ్లాల్లో కరగదు మేడం, మాకూ చెప్పారు అని నవ్వాడు. ప్రశాంతి చిన్నమ్మికి చెప్పిన సమాధానమే ఆయనకూ చెప్పింది. గాలి, పులుపు, గంటలు. ఆ గంటలు ఎందుకు గడిచాయో, ఎవరి కోసం ఆగారో కూడా చెప్పింది, గొంతు తగ్గించకుండా. సాబు నవ్వు ఆపి ఎర్ర మేకును వేళ్ల మధ్య తిప్పాడు. మీనా మేడం ఫ్యాను వైపు చూసింది.

సరే, పాత్రదే దోషం అనుకుందాం అన్నాడు. అయితే మాత్రం? ఇన్నేళ్లుగా వండుతున్న మనిషికి గిన్నె పాడైందని తెలియదా? తెలిస్తే చెప్పాలి కదా? చెప్పకుండా పిల్లలకు వండి పెట్టడం బల్లికన్నా పెద్ద తప్పు. మీనా మేడానికి ప్రాణం లేచొచ్చింది. నాకు ఒక్క మాటైనా చెప్పలేదు సార్ అంది. ఆమె అన్నది అబద్ధం కాదు. అదే వచ్చిన చిక్కు.

సారలమ్మకు ఆ హిందీ అంతా అర్థమయింది. గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసింది.

"చెప్పిన. కళాయి పోయిందని జెప్పిన. ఈ మేడమ్‌తోనే జెప్పిచ్చిన."

సాబు ప్రశాంతి వైపు తిరిగాడు. క్యా బోల్ రహీ హై?

ఏమంటోంది? ఆ గదిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది ఒక్క ప్రశాంతే. ఆమె ఏం చెబితే సారలమ్మ అన్నది అదే అవుతుంది. ఏమీ లేదు సార్, క్షమించమంటోంది అన్నా చెల్లుతుంది. సారలమ్మ తన పెదాల వైపే చూస్తోందని ప్రశాంతికి తెలుసు. తిరిగి అనలేని మనిషి అలాగే చూస్తుంది. కానీ అబద్ధం ఆడాలన్నా ముందు నోట్లోకి రావాలి కదా, అది రాలేదు. ఆమె సాబు వైపు తిరిగింది.

"ఇన్హోంనే కలఈ కహా థా, సర్. మైంనే కడాహీ కహ్ దియా."

ఆమె కళాయి అంది, నేను మూకుడు అన్నాను. అంతటితో ఆగకుండా మొత్తం చెప్పింది. వానల్లో సారలమ్మ ఏమన్నదీ, తాను ఏమని విన్నదీ, మీనా మేడం ఆ వారమే మూకుడు తెప్పించిందీ, చెప్పాల్సిన మనిషి చెప్పాల్సిన వేళకే చెప్పిందీ. మాట నా నోట్లో చెడింది, ఈవిడ వంటింట్లో కాదు అంది. చేతులు కట్టుకోలేదు, క్షమించమని నసగలేదు. నా నియామకం సంగతి మీ ఇష్టం, ఈవిడ మీద మాత్రం మాట పడకూడదు అంది.

కలఈనా, అని గొణిగింది మీనా మేడం. సీదా కలఈ అని ఉంటే మర్నాడే కొంటా నుంచి మనిషిని పిలిపించేదాన్ని కదా. కోపంగా అనబోయింది గానీ, మధ్యలో నవ్వు లాంటిదేదో అడ్డొచ్చింది. తన తప్పూ లేకపోలేదు, పస్తు కూర్చోబెట్టింది తానే. సాబు కుర్చీలో ఇటూ అటూ కదిలి, విచారణ అయిపోయింది, వంటమనిషి ఈ పూట నుంచే పనిలోకి రావచ్చు అన్నాడు. ప్రశాంతి సంగతి నెలాఖరుకు చూద్దామని మీనా మేడం అంది. చూడనీ అనుకుంది ప్రశాంతి.

సారలమ్మ ఆమె వైపు చూడకుండా గుమ్మం దాటింది. తిట్టినా బాగుండేది. సరాసరి వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముట్టించింది. మధ్యాహ్నం అన్నానికి పిల్లలు పళ్లాలు పట్టుకుని వెనకా ముందూ చూస్తుంటే, ప్రశాంతి అందరికన్నా ముందు వెళ్లి చెయ్యి చాచింది. మాకన్నా ముందు తిని చూస్తున్నారా మేడమ్ అని ఎవరో కిసుక్కుమన్నారు. కాదే, ఆకలేస్తోంది అని ముద్ద కలుపుకుంది. రెండో ముద్దకు చిన్నమ్మి వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత వరస మామూలుగానే కదిలింది.

బుధవారం కళాయి పోసే కాశయ్య కొంటా నుంచి తిత్తి, బొగ్గులు పట్టుకుని వచ్చాడు. గుండిగను కాల్చి, నవసాగరం చల్లి, తగరపు కడ్డీ ఆనించి దూది ముద్దతో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండి వెలుగు పాకింది. పొగకు తుమ్ముతూ పదో తరగతి మొత్తం చుట్టూ నిలబడింది. నవసాగరం ఎందుకో చెప్పండర్రా అని ప్రశాంతి అడిగితే, పాత చిలుము పోవడానికి, సీటు ఖాళీ చేయించడానికి మేడమ్ అని అరిచారు. బస్సు సంగతి తెలియని కాశయ్య తెల్లమొహం వేశాడు.

మర్నాడు పొద్దున్నే ముసురు పట్టింది. వంటింట్లోంచి పొగ సుళ్లు తిరుగుతోంది, మంట లేదు. సారలమ్మ దగ్గుతూ బయటికొచ్చింది. ప్రశాంతి వరండాలో పిల్లల రికార్డులు దిద్దుతూ ఆ పొగ చూసి, అలవాటు కొద్దీ పెన్ను మూసి లేచింది. కట్టెల మాట మీనా మేడం చెవిన వేయాలి కదా.

"మీరు కూసోండ్రి మేడమ్," అంది సారలమ్మ.

మెత్తగానే అంది. కొంగు నెత్తిన కప్పుకుని వానలో వాకిలి దాటి ఆఫీసు గది ముందు నిలబడింది. మీనా మేడం తల ఎత్తింది. సారలమ్మ ఒకసారి గొంతు సవరించుకుంది.

"మేడం. లక్డీ గీలా. జల్తా నై."

మీనా మేడం ఒక్క క్షణం బిత్తరపోయి, అచ్ఛా అచ్ఛా అంటూ స్టోరు గది తాళం చెవులు తీసి ఆమె చేతిలోనే పెట్టింది.

ప్రశాంతికి చురుక్కుమంది. అబద్ధం ఎందుకు, చాలా గట్టిగానే చురుక్కుమంది. నాలుగు భాషలు నోట్లో పెట్టుకుని వరండాలో ఊరికే నిలబడింది. సారలమ్మ పొడి కట్టెల మోపు ఎత్తుకుని వస్తూ ఆమె ముందు ఆగింది. ముఖం మీద వాన నీళ్లు కారుతున్నాయి.

"గీలా అంటే తడిసినయనే గద మేడమ్? మంచిగనే జెప్పిన్నా?"

హిందీలో లక్డీ స్త్రీలింగం, గీలా కాదు, గీలీ అనాలి. ఆ మాట ప్రశాంతి నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"మంచిగా చెప్పావక్కా," అంది.